పెడల్సా, మల్టీ ఎఫెక్ట్సా, ల్యాప్‌టాపా? చేతిలో 30 వేలున్న వైజాగ్ గిటారిస్టుకి

మొన్న గాజువాక నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, 30 వేలు జమయ్యాయి. నాలుగు పెడల్స్ తీసుకోనా, ఒక మల్టీ తీసుకోనా? లేకపోతే ఇంటర్‌ఫేస్ కొనేసి ల్యాప్‌టాప్‌లోనే కానిచ్చేయనా?"

పెడల్ అంటే ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న డబ్బా. మల్టీ అంటే అలాంటివన్నీ ఒకేదాంట్లో ఉన్న డబ్బా. ఇంటర్‌ఫేస్ అంటే గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె. ఆంప్ అంటే గిటార్ శబ్దాన్ని పెంచి తన స్పీకర్లోంచి పలికించేది. వాడి దగ్గర పనికొచ్చే గిటారు ఒకటుంది. ఆంప్ లేదు. కంప్యూటర్‌తో వచ్చిన చిన్న స్పీకర్లున్నాయి. నేను తిరిగి ఒక్కటే అడిగాను: "సౌండ్ చివరికి ఎందులోంచి బయటికొస్తుందిరా?" కాసేపు అవతల నుంచి ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఈ ప్రశ్న అడక్కుండానే నేనూ కొన్నాను. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో శబ్దాన్ని గరుగ్గా మార్చే ఒక డిస్టార్షన్ పెడల్ తెప్పించుకున్నా. ఫెస్టులో స్టేజీ మీద గిటార్ ఆంప్ ఉంటుందనే నమ్మకంతో వెళ్ళాను. సౌండ్ వాళ్ళు ఒక వైరు చేతికిచ్చి "ఇందులో పెట్టు బ్రదర్" అన్నారు. ఆ వైరు రెండో కొస నేరుగా మిక్సర్లో ఉంది. రెండు మూడు తీగలు కలిపి మోగించే పవర్ కార్డ్ కొట్టగానే దోమల బ్యాట్‌కి గుంపు దోమలు తగిలినట్టు చిటపటమంది. ముందు వరసలో కూర్చున్న లెక్చరర్లు చెవుల మీద చేతులు పెట్టుకున్నారు. పెడల్ మంచిదే. సౌండ్ వాళ్ళు కూడా వాళ్ళ పని వాళ్ళు చేశారు. మధ్యలో ఉండాల్సిన వస్తువు ఒకటి లేదు, అంతే.

ఆ వస్తువు గిటార్ స్పీకర్. డిస్టార్షన్ అంటే సిగ్నల్ అలల తలలు నరకడం. నరికిన చోటల్లా కొత్త హార్మోనిక్స్, అంటే అసలు స్వరం పైన పలికే అదనపు శబ్దాలు, పుట్టుకొస్తాయి, వాటిలో పై శబ్దాలు చాలా గరుగ్గా ఉంటాయి. ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ దాదాపు 5 వేల హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని పెద్దగా బయటికి రానివ్వదు, గరుకంతా అక్కడే ఆగిపోతుంది. ఫంక్షన్‌లో పెట్టే పెద్ద స్పీకర్లకు ఆ మొహమాటం లేదు. పాటగాడి గొంతులోని 'స', 'శ'లు స్పష్టంగా వినిపించాలని 15 వేల హెర్ట్జ్ పైదాకా అన్నీ పలికిస్తాయి. అందుకే పెడల్‌ని నేరుగా మిక్సర్లో పెడితే ఆ దోమల గోల. దీనికి మందు క్యాబ్ సిమ్యులేషన్, అంటే గిటార్ స్పీకర్ని, దాని ముందున్న మైక్‌ని అనుకరించే ఫిల్టరు.

మన ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ రాక్ వాయించే కుర్రాళ్ళకు దొరికే స్టేజీలు కాలేజీ ఫెస్టులు, బీచ్ రోడ్డు చుట్టుపక్కల కేఫ్‌లు, హోటళ్ళు, అపార్ట్‌మెంట్ వినాయక చవితి పందిళ్ళు. చాలామంది అసలు గిటార్ పట్టింది చర్చిలోనే. ఇన్ని చోట్లా సౌండ్ వాళ్ళు మీకిచ్చేది గిటార్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపే డీఐ బాక్స్ అనే చిన్న డబ్బా, ఒక వైరు. గిటార్ ఆంప్ పెట్టి ముందు మైక్ నిలబెట్టే స్టేజీ నా పదిహేనేళ్ళ వాయింపులో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. విదేశీ వీడియోల్లో పెడల్ రివ్యూలు చేసేవాళ్ళ వెనక గోడంతా ఆంపులే ఉంటాయి. ఆ సౌండ్ సగం ఆ గోడది.

విడి పెడల్స్ సంగతి

ముందే చెప్పేస్తున్నా, నాకు పెడల్స్ అంటే పిచ్చి. కాబట్టి ఈ భాగం కాస్త పొడుగవుతుంది.

రాక్ గిటార్ గరుకు గొంతు చరిత్రంతా ఈ డబ్బాల్లోనే ఉంది. మాస్ట్రో ఫజ్ టోన్ అనే పెడల్ 1962లో వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ దాంతో ఒక రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ పలుకు, వాయించాక అది దుకాణాల్లో దొరకనంతగా అమ్ముడుపోయింది. 1966లో ఫజ్ ఫేస్ వచ్చింది, రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కాలి కింద చేరింది. 70ల చివర్లో బాస్ కంపెనీ డీఎస్ వన్, ఐబనీజ్ కంపెనీ ట్యూబ్ స్క్రీమర్ వచ్చాయి. డీఎస్ వన్ ఇప్పటికీ తయారవుతోంది, బాస్ కంపెనీ పెడల్స్‌లో చవకైన వాటిలో ఒకటి. నిర్వాణా బ్యాండ్ కర్ట్ కొబేన్ వాడిన వాటిలో అదొకటి. డబ్బు ఎక్కువ పెడితే మంచి టోన్ వస్తుందనేవాళ్ళకి నేను చూపించేది ఆ ఆరెంజ్ డబ్బానే.

మీరు ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్ అనే మూడు రకాల గరుకు పెడల్స్ మధ్య తేల్చుకోలేకపోతుంటే లోపల జరిగేది తెలుసుకుంటే సరిపోతుంది. ట్యూబ్ స్క్రీమర్ లాంటి ఓవర్‌డ్రైవ్‌లో అలల తలలు మెత్తగా ఒరుగుతాయి, పైగా 700 హెర్ట్జ్ చుట్టుపక్కల మధ్య శబ్దాలు ఉబ్బుతాయి. డీఎస్ వన్ లాంటి డిస్టార్షన్‌లో తలలు కత్తితో నరికినట్టు పోతాయి. బిగ్ మఫ్ లాంటి ఫజ్‌లో స్వరం ఆగకుండా సాగుతూనే ఉంటుంది, కానీ మధ్య శబ్దాలు లోతుకు పడిపోతాయి. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ సోలోలు విని బిగ్ మఫ్ కొన్న మా బ్యాండ్ మిత్రుడు ఇంట్లో ఒక్కడే వాయించినప్పుడు స్వర్గంలో ఉన్నాడు. రిహార్సల్లో కీబోర్డు, డ్రమ్స్ మొదలవగానే వాడి గిటార్ మాయమైపోయింది. వాల్యూం ఎంత పెంచినా పైకి తేలలేదు. చెవి గిటార్‌ని వెతికేది మధ్య శబ్దాల్లో, అక్కడే గొయ్యి ఉంది మరి. మన బ్యాండ్లలో కీబోర్డు వాడు రెండు చేతులతో ప్యాడ్‌లనే పొడుగాటి స్వరాలు పరిచేస్తుంటాడు కాబట్టి మొదటి పెడల్‌గా ఓవర్‌డ్రైవే తీసుకోమంటాను. ట్యూబ్ స్క్రీమర్ కానీ, బాస్ ఎస్‌డీ వన్ కానీ. ఎస్‌డీ వన్ చవక. రెండూ దగ్గర చుట్టాలే.

వాయించినదాన్ని ప్రతిధ్వనిలా తిరిగి పలికించే డిలే రెండో పెడల్. ఒక చిన్న లెక్క గుర్తుంచుకోండి: 60,000ని పాట టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ సంఖ్యతో, భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 120 అయితే 500. అందులో ముప్పావు, అంటే 375 పెడితే యూటూ బ్యాండ్ గిటారిస్టు ఎడ్జ్ వాయించినట్టు తుళ్ళిపడే ప్రతిధ్వని వస్తుంది. తాళానికి తగ్గట్టు కాలితో కొడితే టెంపో తనే పట్టుకునే ట్యాప్ టెంపో స్విచ్ ఉన్న డిలే అయితే ఈ లెక్క కూడా అక్కర్లేదు. శబ్దాన్ని అలలా ఊపే కోరస్, ఫేజర్, ఫ్లాంజర్ల మీద మొదటి ఏడాదిలో డబ్బు పెట్టకండి. బాగుంటాయి, పది పాటల్లో ఒక దానికి పనికొస్తాయి.

పెడల్స్ వరుస విషయంలో గొడవలు చాలా ఉన్నాయి గానీ మామూలుగా శ్రుతి చూసే ట్యూనర్, కాలితో తొక్కి టోన్ తిప్పే వా, ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఆ తర్వాత కోరస్ జాతి, చివర డిలే, పెద్ద హాల్లో వాయించినట్టు గింగురుమనిపించే రివర్బ్. డిలేని డిస్టార్షన్ ముందు పెడితే ప్రతిధ్వనులన్నీ కూడా నలిగి ముద్దవుతాయి. పాత తరహా ఫజ్ ఒక్కటి మాత్రం గిటార్ పక్కనే ఉండాలి. దాని ముందు సిగ్నల్‌ని బలపరిచే బఫర్ సర్క్యూట్ ఉన్న పెడల్ వస్తే అలుగుతుంది.

లోటు ఎక్కడంటే, నాలుగు పెడల్స్ కొన్నాక అసలు ఖర్చు మొదలవుతుంది. మధ్యలో పెట్టే చిన్న ప్యాచ్ వైర్లు, పవర్ సప్లై, బోర్డు, మోసుకెళ్ళే బ్యాగు. 30 వేలలో నాలుగు మంచి పెడల్స్ పెట్టేసి మిగతావాటికి చవక సామాను కొంటే స్టేజీ మీద ఒక్క ప్యాచ్ వైరు పోయినా మొత్తం మూగబోతుంది. ఏ వైరు పోయిందో చీకట్లో వెతుక్కోవాలి. ఇంత చేసీ క్యాబ్ సిమ్యులేషన్ లేకపోతే మళ్ళీ దోమల బ్యాటే.

మల్టీ ఎఫెక్ట్స్

దీని మీద పెడల్ ప్రియులకు చిన్నచూపు. నాకూ ఉండేది. ఇప్పుడు లేదు.

ఒకే డబ్బాలో పదులకొద్దీ ఎఫెక్ట్స్, ఆంపులను అనుకరించే మోడళ్ళు, క్యాబ్ సిమ్యులేషన్ అన్నీ ఉంటాయి. జూమ్ జీ వన్ ఫోర్, బాస్ జీటీ వన్ లాంటివి మొదటి మెట్టు. న్యూక్స్ ఎంజీ 30 రెండో మెట్టు. లైన్ 6 హెచ్ఎక్స్ స్టాంప్ లాంటివి మన బడ్జెట్ దాటిపోతాయి. మెట్టు పెరిగేకొద్దీ ప్రాసెసర్ బలం పెరుగుతుంది. గిటార్ వాల్యూం నాబ్ తగ్గించినప్పుడు ఆంప్ లాగా శుభ్రపడే గుణం, తీగ మీద వేలి బరువుకి స్పందించే గుణం పైమెట్టు వాటిలో మెరుగ్గా ఉంటాయి. చవక మల్టీలో గరుకు లేని క్లీన్ టోన్లు బాగానే ఉంటాయి, డిలే రివర్బ్‌లు చాలా బాగుంటాయి. తేడా తెలిసేది సగం క్లీన్, సగం గరుకు ఉండే టోన్ దగ్గర. కొనేముందు అదొక్కటి వాయించి చూడండి. సొంత గిటార్ పట్టుకెళ్ళి వాయించండి, షాపులోని ఖరీదైన గిటార్‌తో కాదు.

కొనేటప్పుడు మూడు చూడాలి. అవుట్‌పుట్ ఎక్కడికి వెళుతుందో చెప్పే సెట్టింగ్ ఉందా? ఆంప్‌లోకి వెళితే క్యాబ్ సిమ్యులేషన్ ఆపేయాలి, మిక్సర్‌లోకి వెళితే ఉంచాలి. దీన్ని తప్పు పెట్టి "మల్టీ సౌండ్ బాగోలేదు" అని అమ్మేసినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. ఒకరి దగ్గర నేనే కొన్నాను. రెండోది, యూఎస్‌బీ రంధ్రం ఉన్నంత మాత్రాన రికార్డింగ్ అవుతుందనుకోకండి. బాస్ జీటీ వన్ కంప్యూటర్‌కి ఆడియో ఇంటర్‌ఫేస్‌గా కూడా పనిచేస్తుంది. జూమ్ జీ వన్ ఫోర్‌లో ఆ యూఎస్‌బీ సెట్టింగుల కోసమే. మూడోది, బ్యాటరీతో నడుస్తుందా. ఈ రెండూ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి. ఎందుకు చూడాలో కింద కరెంటు దగ్గర చెప్తాను.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్రీసెట్లు దాదాపు అన్నీ పనికిరానివే. షాపులో ఆకట్టుకోడానికి డిలే, రివర్బ్ బకెట్లతో పోసి పెడతారు. ఖాళీ ప్యాచ్, అంటే మీరు దాచుకునే సెట్టింగు, తెరిచి ఆంప్, క్యాబ్, ఒక ఓవర్‌డ్రైవ్, కొంచెం డిలే పెట్టుకోండి. గెయిన్, అంటే గరుకు మోతాదు, మీరనుకున్నదానికి సగం చాలు. ఇంకోటి, ఇంట్లో చిన్న వాల్యూంలో చేసుకున్న టోన్ స్టేజీ మీద కింది శబ్దాలు ఎక్కువై బురదలా ఉంటుంది. వాల్యూం పెరిగితే చెవికి కింది శబ్దాలు, పై శబ్దాలు మధ్య వాటికంటే ఎక్కువ పెరిగినట్టు వినిపిస్తాయి. అందుకే స్టేజీ ప్యాచ్ వేరే చేసి, కింది శబ్దాలు తగ్గించి, మధ్య పెంచి ఉంచుకోవాలి.

ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్

రికార్డింగే మీ లక్ష్యం అయితే, స్టేజీ ఎక్కే ఆలోచన ఏడాది దాకా లేకపోతే, మిగతా రెండూ మర్చిపోండి. డబ్బుకి ఇంత టోన్ ఇంకెక్కడా రాదు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటి చిన్న ఇంటర్‌ఫేస్, ఒక వైరున్న హెడ్‌ఫోన్ చాలు. కంప్యూటర్లో ఆంప్‌లా పనిచేసే న్యూరల్ ఆంప్ మోడలర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. నిజమైన ఆంపులనీ పెడల్స్‌నీ జనం కొలిచి పెట్టిన మోడళ్ళు దానికి ఉచితంగానే దొరుకుతాయి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఉచితంగా వాడుకోవచ్చు, తర్వాత చిన్న లైసెన్స్ 60 డాలర్లు. మ్యాక్ ఉన్నవాళ్ళకి అలాంటిదే గరాజ్‌బ్యాండ్ ఎలాగూ ఉంటుంది.

గిటార్ వైరుని 'ఇన్‌స్ట్' అని రాసి ఉన్న ఇన్‌పుట్‌లోనే పెట్టాలి, లేదా ఆ బటన్ నొక్కాలి. తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే గిటార్ పికప్ బలహీనమైన మనిషి లాంటిది, బరువు తగిలితే వంగిపోతుంది. నిరోధం ఒక మెగా ఓమ్ చుట్టుపక్కల ఉండే ఆ ఇన్‌పుట్ దానికి తేలిక. లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పై శబ్దాలు చచ్చి, దుప్పటి కప్పినట్టుంటుంది.

ఇక్కడ ఏడిపించేది ఆలస్యం. తీగ మీటాక కంప్యూటర్ ఆలోచించి శబ్దం పంపేలోపు కొన్ని మిల్లీసెకన్లు పోతాయి. శబ్దాన్ని సెకనుకి 48 వేల ముక్కలుగా కొలిచే శాంపిల్ రేటులో బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసుకునే ముక్కలు, 128 పెడితే ఒక వైపుకి 2.7 మిల్లీసెకన్లు. లోపలికి, బయటికి, మిగతావన్నీ కలిపి ఒక పది అనుకోండి. గాలిలో శబ్దం మీటరు దూరం వెళ్ళడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, అది ఆంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు. ఎవరికీ ఇబ్బంది లేదు. బఫర్ 1024 పెడితే రానూపోనూ 40 దాటుతుంది, వేళ్ళకీ చెవులకీ పడదు. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే, ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవర్ వేసుకోవాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం అసలు వద్దు, దాని ఆలస్యం ముందు ఇవేవీ లెక్కలోకి రావు.

దీంతో మన ఇళ్ళల్లో ఇంకో లాభం ఉంది, ఎవరూ చెప్పరు. ఆంప్ ముందు మైక్ పెట్టి రికార్డ్ చేయాలంటే ఫ్యాన్ ఆపాలి. మే నెలలో ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో ఫ్యాన్ ఆపి ఒక సోలో మూడు టేకులు వాయించి చూడండి, చెమటకి పిక్ జారిపోతుంది. పక్కింటి కుక్కర్ విజిల్, కూరగాయల బండి మైక్, నెత్తిమీదుగా పోయే విమానం, అన్నీ మైక్‌లోకి వస్తాయి. షూర్ ఎస్ఎం 57 గొప్ప మైకే, 1965 నుంచీ స్టూడియోల్లో గిటార్ స్పీకర్ల ముందు అదే నిలబడి ఉంది. కానీ టైల్స్ నేల, ఉత్త గోడలున్న బెడ్‌రూమ్‌లో అది పట్టేది మీ గిటార్‌నీ, మీ వీధినీ కూడా. వైరు నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి వెళితే ఫ్యాన్ అయిదులో పెట్టుకుని వాయించుకోవచ్చు. టోన్ నచ్చకపోతే మళ్ళీ వాయించకుండానే ఆంప్ మార్చుకోవచ్చు.

ఇదే పద్ధతిని స్టేజీ మీదికి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. నేను తీసుకెళ్ళను. అప్‌డేట్ మొదలైన ల్యాప్‌టాప్ ముందు నిలబడి జనానికి నవ్వు మొహం చూపించే ఓపిక నాకు లేదు.

ఆంప్ కొనాలంటే? బాస్ కంపెనీ కటానా 50 లాంటిది బాగుంటుంది. అర వాట్‌కి తగ్గించుకోవచ్చు, యూఎస్‌బీ ద్వారా రికార్డ్ అవుతుంది, ఎఫెక్ట్స్ లోపలే ఉంటాయి. కానీ 30 వేలు దానికే పోతాయి. ఇంటి నుంచి కదలని వాడికి సరే. బైక్ మీద ఫెస్టులకి వెళ్ళేవాడికి కాదు.

కరెంటు, ఉప్పుగాలి

చాలా పెడల్స్‌కి కావాల్సింది 9 వోల్టుల డీసీ, పిన్ మధ్యలో నెగటివ్. ఇంట్లో పడుండే రౌటర్ అడాప్టర్లు చాలావాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది. పిన్ సరిగ్గా దూరుతుంది, పెడల్ కాలిపోతుంది. ఒక షాపులో "ఇదే సరిపోద్ది సార్" అని ఇచ్చిన అడాప్టర్‌తో నా కోరస్ పెడల్ అలాగే పోయింది. పెడల్ మీద ఉన్న బొమ్మ, అడాప్టర్ మీద ఉన్న బొమ్మ పక్కపక్కన పెట్టి చూడండి. పాత తరహా ఓవర్‌డ్రైవ్‌లు కొద్ది మిల్లీ ఆంపియర్లతో సరిపెట్టుకుంటాయి. డిజిటల్ డిలే, రివర్బ్‌లు ఎక్కువ తింటాయి, కొన్ని 300 దాకా అడుగుతాయి. అన్నింటికీ ఒకే అడాప్టర్‌ని గొలుసు వైరుతో పంచితే డిజిటల్ పెడల్ కీచుమనే శబ్దం డిస్టార్షన్‌లోకి పాకుతుంది. విడివిడి అవుట్‌పుట్లున్న సప్లై అందుకే ఖరీదు.

గుయ్యిమనే మోత వస్తే ముందు పెడల్‌ని తిట్టకండి. వన్ టౌన్ వైపు పాత ఇళ్ళల్లో మూడో పిన్ రంధ్రం ఉంటుంది, వెనక ఎర్త్ వైరు ఉండకపోవచ్చు. తీగల మీద చేయి వేస్తే మోత తగ్గి, తీస్తే పెరిగితే ఎర్త్‌నీ, గిటార్ లోపలి వైరింగ్‌నీ అనుమానించాలి. చేయి వేస్తే చిన్న షాక్ కొడితే మాత్రం వాయించడం ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ అయితే ట్యూబ్‌లైట్, ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా కారణమే. గిటార్ పట్టుకుని గదిలో మెల్లగా గుండ్రంగా తిరిగితే ఒక దిక్కులో మోత తగ్గుతుంది. ఆ దిక్కుకి తిరిగి కూర్చోండి.

ఇక మన సముద్రం. లాసన్స్ బే దగ్గర అద్దెకున్న రెండేళ్ళలో నా పెడల్స్ నాబ్‌లు తిప్పితే కరకరలాడడం మొదలైంది. జాక్‌లు పట్టు కోల్పోయాయి. తేమ, ఉప్పు కలిసి లోహాన్ని తినేస్తాయి. ఇక్కడ విడి పెడల్స్ ఉన్నవాడికి జాక్‌లు, స్విచ్‌లు ఎక్కువ, కాబట్టి తంటాలూ ఎక్కువే. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోండి, నెలకోసారి ఆ పొట్లాలు ఎండబెట్టండి. కాంటాక్ట్ క్లీనర్ ఒక డబ్బా ఇంట్లో ఉంచుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు పెడల్ బ్యాటరీ మూత తీసి చూడండి. లోపల పచ్చని చిలుము కనిపిస్తే బేరం ఆడకుండా తిరిగొచ్చేయండి. బ్యాటరీతో వాడే పెడల్స్‌లో ఇన్‌పుట్ వైరు పెట్టి ఉంచితే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, వాయింపు అయ్యాక లాగేయాలి.

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక కరెంటు లేని ఆ చీకటి రోజుల్లో మా వీధిలో ఎలక్ట్రిక్ గిటార్ వినిపించింది ఒక్క ఇంట్లోంచే. వాడి దగ్గర సెల్స్‌తో నడిచే పాత మల్టీ, ఒక జత చిన్న స్పీకర్లు ఉన్నాయి. నా ఖరీదైన పెడల్ బోర్డు ఇటుకల వరుసలా పడుంది. తుఫాను రోజూ రాదు, కానీ పందిట్లో సాయంత్రం ఏడింటికి జనరేటర్ మార్చేటప్పుడు ఒక నిమిషం చీకటి ఎప్పుడూ ఉంటుంది. సెల్స్ ఉన్న మల్టీ ఆగదు.

మా వాడికి చెప్పింది

వాడు మూడో ఏడాది బీటెక్. చర్చిలో ఆదివారాలు వాయిస్తాడు, ఫెస్టులకు ఒక బ్యాండ్ కట్టారు, రాత్రిళ్ళు రికార్డ్ చేసుకోవాలని ఉంది. మూడు చోట్లా ఆంప్ లేదు. కాబట్టి క్యాబ్ సిమ్యులేషన్, యూఎస్‌బీ ఆడియో రెండూ ఉన్న మల్టీ, 20 వేలు దాటకుండా. మిగిలిన దాంట్లో మంచి వైరున్న హెడ్‌ఫోన్, రెండు గట్టి గిటార్ వైర్లు, కోటింగ్ ఉన్న తీగలు ఒక సెట్టు. మామూలు తీగలు ఈ గాలికి నెల తిరక్కుండా తుప్పు పడతాయి. ఇంకా ఏమైనా మిగిలితే అలాగే ఉంచి, ఏడాది తర్వాత ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ కొని మల్టీ ముందు పెట్టమన్నాను. గరుకు పెంచే డ్రైవ్ నాబ్ దాదాపు సున్నా, వాల్యూం పెంచే లెవెల్ నాబ్ బాగా పైకి.

అదే వాడి బ్యాండ్‌కి ఆంప్ ఉన్న రిహార్సల్ గది ఉండుంటే ఎస్‌డీ వన్, ఒక డిలే, ఒక ట్యూనర్ తీసుకుని మిగతాది దాచుకోమనేవాడిని. స్టేజీ వద్దు, పాటలు చేసి పెట్టుకుంటా అని ఉంటే ఇంటర్‌ఫేస్.

"మరి పెడల్ బోర్డు ఫొటో పెట్టాలని ఉంది అన్నయ్యా" అన్నాడు చివరికి. మా ఇంటికొచ్చి నాది తీసుకోరా అన్నాను. ఆదివారం చర్చి అయ్యాక వస్తానన్నాడు. వచ్చేటప్పుడు కాంటాక్ట్ క్లీనర్ ఒక డబ్బా తెమ్మన్నాను.